పొడిగుడ్డతో తుడిచిన వాగు

శుక్రవారం పొద్దున్న మా ఇంట్లో గొడవ ఒక రుమాలుతో మొదలైంది.

వంటింటి వెనక వరండాలో మా తోటికోడలు బట్టల బకెట్ ముందు కూర్చుని ఉంది. నేను చెప్పులు వేసుకుంటుంటే తడి రుమాలు తెచ్చి నా ముక్కు దగ్గర పట్టింది.

"చూడండక్కా. మూడుసార్లు సబ్బు పెట్టాను, వేడినీళ్లలో నానబెట్టాను. కాస్తయినా పోయిందా?"

తెల్ల రుమాలు. మూలన నీలిదారంతో మా అత్తగారు కుట్టిన చిన్న చుక్క. మధ్యలో పెద్ద ఎర్రమరక, అటూ ఇటూ సాగి ఉంది.

"ఏమిటిది?"

"తెలియనట్టు అడుగుతారేం? పెదవి రంగు. మంగళవారం మీ మరిదిగారి ప్యాంటు జేబులో దొరికింది. సోమవారం రాత్రంతా ఆఫీసులో పని అన్నారుగా, ఆ పని ఇదన్నమాట. ఆ రోజు నుంచీ నేను ఆయనతో మాట్లాడటం లేదు. ఆయన ఇంకా ఆ సంగతి గమనించలేదు."

లోపలి నుంచి మా అత్తగారు అందుకున్నారు. "గమనించాడే. ఇల్లు ప్రశాంతంగా ఉందేమిటమ్మా అని నిన్ననే నన్నడిగాడు."

తోటికోడలికి కళ్లనీళ్లు తిరిగాయి. నాకు నవ్వొచ్చింది కానీ మింగేశాను. తొమ్మిదింటికి సైనిక కార్యాలయం గేటు దగ్గర ఉండాలి. "సాయంత్రం మాట్లాడదాం. దాన్ని పారెయ్యకు," అన్నాను.

"పారేస్తానా? పదిమందిలో పెట్టి అడుగుతాను. భద్రంగా దాచుకుంటున్నాను," అంది.

ఆ పట్టుదలకి నేను ఎంత రుణపడబోతున్నానో అప్పుడు తెలియలేదు.

నేను పోలీసుశాఖ నేరవిభాగంలో పంతొమ్మిదేళ్లు పనిచేసి బయటికొచ్చిన మనిషిని. ఇప్పుడు ఎవరైనా అడిగితే సొంతంగా కేసులు చూస్తాను. బుధవారం సాయంత్రం ఒకావిడ వచ్చి మా వరండా మెట్టు మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఆవిడ భర్త సైనిక కార్యాలయంలో ఇరవైరెండేళ్లుగా మ్యాపుల మీద గీతలు గీసే సార్జెంటు. అందరూ గీతల మాస్టారనేవారు. మంగళవారం తెల్లవారుజామున అయిదూ నలభైకి సైనికుల లారీలు ఒక ఎండువాగు దాటుతుంటే పై నుంచి వరద వచ్చి తొమ్మిదిమందిని ఊడ్చుకుపోయింది. ఆ వాగు దాటవచ్చని చూపించిన షీటు మీద మాస్టారి సంతకం ఉంది. మర్నాడు పొద్దున ఎనిమిదీ ముప్పై అయిదుకి మ్యాపుల గది ఇనుపమెట్ల కింద మాస్టారి శవం దొరికింది. తప్పు చేశానన్న బాధతో దూకాడని ప్రాథమిక నివేదిక తేల్చేసింది.

"పోయిన తొమ్మిదిమంది ఇళ్లూ మా వరసలోనే ఉన్నాయండీ," అంది ఆవిడ. "పలకరిద్దామని ఒక్కో తలుపూ తట్టాను. ఎవరూ తియ్యలేదు. ఒకమ్మాయి మాత్రం లోపలి నుంచే, మీ ఆయన చేతులు పడిపోను, అంది. చచ్చిపోయిన మనిషి చేతులు ఇంకేం పడిపోతాయండీ?"

విచారణ సంఘం శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆ నివేదిక మీద సంతకాలు చేస్తుంది. ఆ తర్వాత దాన్ని తిరగతోడే దారి లేదు. చనిపోయినవాడి తరఫున ఒకరు వచ్చి సాక్ష్యాలు పరిశీలించవచ్చని నిబంధన ఒకటుంది. ఆ ఒకరిగా నేను పేరిచ్చాను.

ఇబ్బందల్లా ఒకటే. ప్రాథమిక నివేదిక రాసింది ఆపరేషన్ల మేజరు. ఆ లారీల పథకం వేసినవాడూ ఆయనే. ఆ మేజరు మా మరిది.

*

గేటు పక్క బెంచీ మీద మాస్టారి భార్య నా కోసం చూస్తోంది. చేతిలో టిఫిన్ డబ్బా. ఎవరికని అడిగితే, అలవాటు కొద్దీ తెచ్చేశానంది.

"ఆయన పని గురించి ఇంట్లో ఏమైనా చెప్పేవారా?"

"ఒక్క ముక్క చెప్పేవారు కాదు. కానీ ఇంట్లో కూడా అదే చాదస్తం. బల్ల మీద నూనె పడితే నేను పొడిగుడ్డతో తుడిచేదాన్ని. కోప్పడేవారు. జిడ్డు పోలేదు, కనబడటం మానేసిందంతే అనేవారు. తనే స్పిరిట్ తెచ్చి మళ్లీ తుడిచేవారు. భోజనాల బల్ల దగ్గర ఆ వాసనేమిటని నేను పోట్లాడేదాన్ని." ఆవిడ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. "ఇప్పుడనిపిస్తోంది, తుడవనిస్తే పోయేదిగా."

ఆ మాటని లోపలికి మోసుకెళ్లాను.

ఏ దాడికి ముందైనా ఆ కార్యాలయంలో మూడు బల్లలు పనిచేస్తాయి. నేల బల్ల, వాన బల్ల, శత్రువు బల్ల. నేల ఎక్కడ నడవనిస్తుంది, ఆకాశం ఏం చేయబోతోంది, ఎదటివాడు ఎక్కడ కాచుకుని ఉంటాడు. వాన బల్ల తన లెక్క చీటీ మీద రాసి నేల బల్లకి పంపుతుంది. మిగతా రెండు బల్లలూ తమ లెక్క తేల్చి మైనం పెన్సిల్‌తో పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద గీస్తాయి. ఆ షీట్లని ఒకదాని మీద ఒకటి మ్యాపు మీద పరిస్తే, దారి ఏదో కమాండర్‌కి ఒక్క చూపులో తెలుస్తుంది.

వాన బల్ల దగ్గర నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. వానమ్మ అంటారట.

"సోమవారం హెచ్చరిక చీటీ ఎన్నింటికి రాశారు?"

"ఏడూ పదికి. పైన నలభై కిలోమీటర్ల దూరాన కొండల్లో కుంభవృష్టి. ఇక్కడ చినుకు పడకపోయినా తెల్లారేసరికి వాగు నిండుతుందని రాశాను."

"ఎవరికిచ్చారు?"

"నేల బల్లకి. నా చేత్తో మాస్టారికే ఇచ్చాను. నేల షీటు వాన కబురుతో మారుతుంది కదండీ, అందుకని మా చీటీ ముందు అక్కడికే వెళ్లాలి."

"ఆయనేం చేశారు?"

"చదివి, ఎర్ర పెన్సిల్ తీశాడు. 'ఇవాళ కూడా ఇల్లు ఆలస్యమే వానమ్మా, నీ నోట మంచిమాటే రాదు' అన్నాడు."

"ఎర్ర పెన్సిల్ తీశాడని విచారణలో చెప్పారా?"

ఆవిడ నా వంక చూడలేదు. "చీటీ ఇచ్చావా లేదా అని అడిగారు. ఇచ్చానన్నాను. వెళ్లమన్నారు. అడగనిది చెబితే ఇక్కడ ఎక్కువ మాట్లాడుతుందని పేరొస్తుంది. నాకు ఇంకా ఆరేళ్ల ఉద్యోగం ఉంది."

*

మ్యాపుల గది పై అంతస్తులో ఉంది. ఇనుపమెట్లు ఇరవైరెండు, నిటారుగా. కింద సిమెంటు నేల కడిగేసి ఉంది. తలుపుకి ఒకటే తాళం. దాని చెవి కింద, ఆపరేషన్ల గది గుమ్మం పక్కన ఒక చెక్కకి తగిలిస్తారు.

కాపలావాడి పుస్తకంలో బుధవారం పేజీ చూశాను. ఎనిమిదీ పదిహేనుకి తాళంచెవి తీసుకున్నట్టు మాస్టారి సంతకం. ఎనిమిదీ ముప్పై అయిదుకి శవం. అప్పుడు పై గది తలుపు తాళం వేసే ఉందని కాపలావాడే రాశాడు. చెవి కోసం వెతికితే చెక్క మీద మామూలు చోటే వేలాడుతోందట. ఆ వాక్యం రాసినవాడికి గానీ చదివినవాళ్లకి గానీ అందులో వింతేమీ కనబడలేదు.

నన్ను లోపలికి తీసుకెళ్లిన కెప్టెన్‌ని భవనమంతా శత్రువనే పిలుస్తుంది. శత్రువు బల్ల ఆయనది. ఎదటివాడి బుర్రతో ఆలోచించి, వాడు ఎక్కడ దెబ్బ కొడతాడో చెప్పడం ఆయన పని. టీ తెచ్చిన మనిషి కూడా "శత్రువుగారికి చక్కెర తక్కువ" అంటూ కప్పు పెట్టి వెళ్లాడు. ఆయన నవ్వలేదు. ఎన్నేళ్లుగా వింటున్నాడో.

సాక్ష్యాల గుమాస్తా సీలు విప్పి షీట్లు తీశాడు. గది మధ్యలో కింద నుంచి దీపం వెలిగే గాజుబల్ల ఉంది. దాని మీద మ్యాపు, మ్యాపు మీద నేల షీటు, పైన శత్రువు షీటు వరసగా పరిచాడు.

"నాలాంటిదానికి అర్థమయ్యేట్టు చెప్పండి."

"ఎర్ర అడ్డగీతలుంటే బండి పోకూడదు. విడి గీతలుంటే మెల్లగా పోవాలి. ఏమీ గీయకపోతే పోవచ్చని అర్థం."

వాగు మీద ఏమీ లేదు. మూలన మాస్టారి సంతకం, పక్కన ఆరూ ఇరవై అని టైము. అంటే వాన చీటీ రాకముందు గీసిన షీటు. చీటీ అందినా మాస్టారు దీన్ని మార్చలేదన్నదే నివేదికలో ఉన్న నేరం.

శత్రువు షీటు చూశాను. వంతెన దగ్గర తుపాకుల గుర్తులు. కొండమలుపులో గుర్తులు. పాత రాళ్లదారి పొడుగునా గుర్తులు. వాగు దాటే చోట ఒక్కటి కూడా లేదు.

"ఇక్కడ మీరెందుకు ఎవర్నీ పెట్టలేదు?"

కెప్టెన్ టీ కప్పు కింద పెట్టాడు. "నేను శత్రువునైతే అక్కడ ఒక్క మనిషిని కూడా వృథా చెయ్యను మేడమ్. వాగే చంపుతుంది."

గుమాస్తా తల ఎత్తాడు.

"మీ షీటు ఎన్నింటికి గీశారు?"

"ఏడూ యాభైకి. ఇదే బల్ల మీద. కింద నేల షీటు ఉండగానే గీస్తాను. ఎదటివాడు కూడా ఆ నేల మీదే కదా నడవాలి."

"అప్పుడు వాగు మీద ఎర్రగీతలున్నాయి."

ఆయన టీ కప్పు కాస్త పక్కకి జరిపాడు.

"కెప్టెన్‌గారూ, ఏమీ లేని వాగుని చూసి వాగే చంపుతుందని ఎవరూ అనుకోరు."

"ఉన్నాయి," అన్నాడు చివరికి. "ఎనిమిదిన్నరకి కమాండర్ గదిలో షీట్లు పరిచినప్పుడు లేవు."

"మీరు చూశారు."

"చూశాను. వాన తగ్గిందని ఇంకో చీటీ వచ్చిందేమో, తుడిచారేమో అనుకున్నాను. అనుకోవడం తేలిక కదా. అడగాలంటే మాస్టారు లేడు. సార్జెంట్లు గీస్తారు, ఆఫీసర్లు చూపిస్తారు. సార్జెంట్లకి ఆ గదిలోకి పిలుపుండదు. ఎనిమిదింటికే ఇంటికెళ్లిపోయాడు. కమాండర్ నా షీటు చూసి, 'వాగు దగ్గర శత్రువు లేడు, నేల అడ్డు లేదు, ఇంతకన్నా మంచి దారి పెళ్లివారు కూడా వెయ్యరు' అన్నారు. అందరూ నవ్వారు." కప్పులోకి చూశాడు. "నేనూ నవ్వాను."

"బల్ల మీద నుంచి షీట్లు ఎవరు తీసుకెళ్లారు?"

"మేజరుగారు. ఎనిమిదీ పదికి. ఆయన ఒక్కరే."

"ఇదంతా విచారణలో?"

"చెబితే, చూసి ఎందుకు ఊరుకున్నావని నన్నే అడుగుతారు."

"ఇప్పుడు చెప్పారుగా."

"మీరు అడిగిన తీరు అలా ఉంది. సంఘం ముందు అడిగితే ఏమంటానో నాకే తెలియదు మేడమ్."

ఈ నిజాయితీ కూడా ఒక రకం పిరికితనమే. ఆయన మాట మీద నేను కేసు నిలబెట్టలేను. గడియారం మూడు చూపిస్తోంది. గేటు దగ్గర ఆవిడ అన్న ముక్క అప్పుడు బుర్రలో మెదిలింది. జిడ్డు పోలేదు, కనబడటం మానేసిందంతే.

"ఈ షీట్లు మీరు దేంతో తుడుస్తారు?"

"స్పిరిట్‌తో. మాస్టారి రూలు. పొడిగుడ్డతో తుడిస్తే మైనం వదలదు, పాత గీత మీద కొత్తది సరిగా పడదు అని ఒకసారి నాలాంటి ఆఫీసర్ని కూడా దులిపేశాడు. నేల బల్లవాళ్లెవరూ స్పిరిట్ లేకుండా తుడవరు."

నా చేతిసంచీలో మొహానికి రాసుకునే పౌడరు డబ్బా ఉంది. తీశాను.

"అమ్మా, అది సాక్ష్యం," అన్నాడు గుమాస్తా కంగారుగా.

"నాకిచ్చిన కాగితంలో పరిశీలించవచ్చు అని ఉంది. పౌడరు వేసి పరిశీలించకూడదని ఎక్కడైనా ఉంటే చూపించండి."

ఆయన కాగితం రెండుసార్లు చదువుకుని పక్కకి జరిగాడు.

వాగు ఉన్న చోట చిటికెడు చల్లాను. షీటు ఎత్తి మెల్లగా ఊదాను. పౌడరు చాలావరకు లేచిపోయింది. లేవనిది జిడ్డుని కరుచుకుని నిలిచిపోయింది. వాగు పొడుగునా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, దగ్గర దగ్గరగా తెల్లటి అడ్డగీతలు. అలికినట్టున్నాయి కానీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. మూలన సంతకం కింద కూడా చల్లాను. ఏడూ నలభై అని టైము తేలింది. దాని కింద మాస్టారి చేతిరాతలో రెండు ముక్కలు.

'వాన చీటీ చూశాను. వాగు దాటరాదు.'

శత్రువుగారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరిద్దరూ చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టండి. టైము వెయ్యండి. మూడూ పన్నెండు," అన్నాను.

గుమాస్తా సంతకం చేశాడు. కెప్టెన్ పెన్ను తీసుకుని చాలాసేపు కాగితం వంక చూశాడు. చివరికి చేశాడు.

*

మేజరు తలుపు తోసుకుని వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఆ ఇస్త్రీ పొద్దున మా ఇంట్లోదే.

"మేడమ్, మీకు చూడటానికి అనుమతి ఉంది. సాక్ష్యాలు పాడు చెయ్యడానికి లేదు."

"పాడు చేసింది నేను కాదు మేజరుగారూ. ఎవరో ముందే చేశారు. నేను దుమ్ము దులుపుతున్నాను."

ఆయన బల్ల దగ్గరికి వచ్చి షీటు చూశాడు. మొహంలో ఏమీ మారలేదు. వేలు చాచి తెల్లగీతల మీద పెట్టబోతే గుమాస్తా షీటు వెనక్కి లాగాడు. వేళ్లకి కాస్త పౌడరు అంటింది.

"మాస్టారే గీసి, మాస్టారే తుడిచి ఉంటాడు."

"పొడిగుడ్డతోనా? ఇంట్లో భోజనాల బల్లని కూడా స్పిరిట్‌తో తుడిచే మనిషి."

"తొందరలో తుడిచి ఉంటాడు."

"సరే. బుధవారం కూడా తొందరేనా? ఎనిమిదీ పదిహేనుకి తాళంచెవి తీసుకున్నాడు. పైకెక్కి తలుపు తెరిచాడు. మళ్లీ తాళం వేశాడు. కిందికి దిగి, మీ గది పక్కనున్న చెక్కకి చెవి తగిలించాడు. మళ్లీ ఇరవైరెండు మెట్లెక్కి అప్పుడు దూకాడు. అంత పద్ధతిగా ఎవరు చస్తారండీ?"

"చావబోయేవాడి మనసు మీకు తెలుసా?"

"తెలియదు. చెవి తగిలించినవాడి మనసు తెలుసుకుందామని ఉంది."

ఆయన కెప్టెన్ వైపు తిరిగాడు. "మీరు బయటికి వెళ్లండి." గుమాస్తా మాత్రం షీట్లు ఒళ్లో పెట్టుకుని కదల్లేదు. మేజరు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"వదినా. ఎవరి కోసం ఇదంతా? ఆవిడ నీకు ఏమవుతుంది?"

"ఏమీ కాదు."

"నేనవుతాను కదా. రాళ్లదారి తొమ్మిది గంటలు పడుతుంది. వాగు దారి మూడు. ఆరు గంటలు ఆలస్యమైతే అవతల ఎంతమంది పోయేవారో నీకేం తెలుసు? ఇక్కడ ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి. వానమ్మ చెప్పినప్పుడల్లా వాన పడుతుందా?"

"ఆ నిర్ణయం కమాండర్‌ని చూసి తీసుకోనివ్వచ్చుగా. ఎర్రగీతలు చూపించి, అయినా పోదాం అనొచ్చుగా."

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిదికి పదకొండేళ్లు. మార్కులు తక్కువొస్తే రిపోర్టు కార్డు మా మావగారికి చూపించకుండా నా చేత సంతకం పెట్టించుకునేవాడు. నేను పెట్టేదాన్ని. ముద్దుగా ఉండేది.

ఆయన జేబులోంచి రుమాలు తీసి వేళ్లకంటిన పౌడరు తుడుచుకున్నాడు. కొత్త రుమాలు. దుకాణం మడత ఇంకా విడిపోలేదు. మూలన నీలిచుక్క లేదు.

మా అత్తగారు ఆయనకి ఆరు రుమాళ్లు కుట్టారు. ఆయన ఇంకో రుమాలు వాడగా నేను ఎప్పుడూ చూడలేదు.

నా చూపు రుమాలు మీద నిలిచింది. ఆయన చూపు నా చూపు మీద నిలిచింది. నాలుగు రోజులుగా వెతుకుతున్నదేదో ఎక్కడ పెట్టాడో ఆయనకి ఆ క్షణాన గుర్తొచ్చినట్టుంది. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు, తొందర లేకుండా.

"అయిదింటికి సంఘం ముందు కలుద్దాం," అన్నాడు. ఇనుపమెట్ల మీద మాత్రం ఆ బూట్లు ఒక్కొక్క మెట్టుగా దిగలేదు.

మూడూ ఇరవై రెండు. ఇక్కడి నుంచి మా ఇంటికి కారులో పావుగంట. ఈ భవనంలో బయటి ఫోను గేటు దగ్గర మాత్రమే ఉంది. షీట్లు గుమాస్తా మళ్లీ సీలు వేసేదాకా కదలకూడదు. కదిలితే ఈ ఒక్క సాక్ష్యం కూడా పోతుంది. లక్క ఆరేదాకా నిలబడ్డాను. నా జీవితంలో లక్క అంత నెమ్మదిగా ఆరడం చూడలేదు.

గేటు దగ్గరికి పరుగెత్తేసరికి మూడూ నలభై. మాస్టారి భార్య బెంచీ మీద నుంచి లేచింది. ఆవిడకేమీ చెప్పలేదు. ఇంటి నంబరు తిప్పాను. మొదటి మోతకే తోటికోడలు ఎత్తింది. గుసగుసగా మాట్లాడుతోంది.

"అక్కా, మీరేనా? ఆయనొచ్చారు. నాలుగు రోజుల్లో తనంతట తను పలకరించడం ఇదే మొదటిసారి. ఏమన్నారనుకున్నారు? నా రుమాలేది, అని."

"ఎక్కడుంది అది?"

"నా చేతిలో. ఫోను కూడా పడగ్గదిలోకి లాక్కొచ్చి గడియ పెట్టుకున్నాను. తలుపు కొడుతున్నారు. వినబడుతోందా?"

వినబడుతోంది.

"అత్తయ్య ఎక్కడ?"

"పక్కింటికి వెళ్లారు. అక్కా, నాకు నిజం చెప్పండి. ఆ మొహం చూస్తే భయం వేసింది. ఇంత భయపడుతున్నారంటే మామూలు సంగతి కాదు. ఎవరిదక్కా ఈ రంగు? నాకు తెలిసినావిడేనా?"

మాస్టారి భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది. నేను ఏమంటే అది ఆవిడ కూడా వింటుంది. ఈ ఆడవాళ్లిద్దరిలో ఒకరి ఇల్లు నిలబెట్టాలంటే ఇంకొకరి ఇల్లు కూల్చాలి. ఆ కూలే ఇల్లు నాది కూడా.

"పెదవి రంగు కాదమ్మా," అన్నాను. "అదే అయితే ఎంత బావుండేది. విను. ఆ తలుపు తియ్యకు. ఎవరు పిలిచినా, ఏం చెప్పినా, నేను వచ్చేదాకా తియ్యకు."

అవతల తలుపు కొట్టడం ఆగిపోయింది. చాలా దగ్గర నుంచి, తలుపుకి నోరు ఆనించి మాట్లాడుతున్నట్టు, మెత్తగా మా మరిది గొంతు వినిపించింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు? వదినతోనా?"